పోర్ట్ చొక్కా, ఫైలు సంచి, బొంత: నెల్లూరు అమ్మల కుట్టు గది మీద నా రివ్యూ

చిన్నపిల్లల బట్టల షాపుకి పోయి, మెడ పక్కనుంచి చంక దాకా ఒకవైపు మాత్రమే తెరుచుకునే చొక్కా ఉందా అని అడిగి చూడండి. మన ట్రంకు రోడ్డులో ఎంత పెద్ద షోరూమైనా సరే, సేల్స్‌లో ఉండే అమ్మాయిలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఫ్రంట్ ఓపెన్ ఉంది సార్, జిప్ ఉంది సార్ అని ఏవేవో తీసి కౌంటర్ మీద పరుస్తారు. వాళ్ళని అని లాభం లేదు. కీమో పోర్ట్ అనేది ఒకటుంటుందని, చిన్న ఆపరేషన్ చేసి దాన్ని ఛాతీ పైభాగంలో చర్మం కింద పెడతారని, మందు ఎక్కించే ప్రతిసారీ దాని మీద సూది గుచ్చి ట్యూబు తగిలిస్తారని, ఆ ట్యూబు ఉన్నంతసేపూ పిల్లకి మామూలు చొక్కా వేయడం, తీయడం పెద్ద తంతు అని, ఇంట్లోకి క్యాన్సర్ వచ్చేముందు మనకి మాత్రం తెలుసా ఏంటి.

అలాంటి చొక్కాలు నెల్లూరులోనే కుడుతున్నారు. స్టోన్‌హౌస్‌పేట వైపు ఒక మేడ మీద గది, రెండు కాలి మిషన్లు, ఒక మోటారు మిషను, ఒక పాత కటింగ్ బల్ల. కుట్టేవాళ్ళందరూ పెద్ద జబ్బులున్న పిల్లల తల్లులే. ఒకామె కొడుక్కి తలసీమియా (మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సిన జబ్బు), ఒకామె పాపకి కిడ్నీ సమస్య, ఇద్దరు ముగ్గురి పిల్లలకి మా పాపలాగే బ్లడ్ క్యాన్సర్. బోర్డు పెట్టలేదు. పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు, ఎందుకంటే ఒకసారి ఎవరో వచ్చి పిల్లల ఫోటోలు తీసుకుపోయి ఆ ఫోటోలతో విరాళాలు అడుక్కున్నారంట, అప్పట్నుంచి వాళ్ళకి ప్రచారం అంటేనే భయం. కాబట్టి నేనూ రాయను. ఆ ఏరియాలో లైనింగ్ గుడ్డ, జిప్పులు, దారాలు అమ్మే షాపుల్లో "పిల్లల తల్లులు కుట్టే గది" అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. మధ్యాహ్నం భోజనాల తర్వాతే తెరుస్తారు, ఆదివారం ఉండదు.

మా పాపకి ఏఎల్ఎల్ అనే రకం ల్యుకేమియా. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే, ట్రీట్‌మెంట్ రెండేళ్ళు దాటి నడుస్తుంది. మా వైద్యం మద్రాసులో. ఇప్పుడు మెయింటెనెన్స్‌లో ఉంది, అంటే ఎక్కువగా ఇంట్లోనే మాత్రలు, మధ్య మధ్యలో పోయి రావడం, అందుకే కూర్చుని ఇదంతా రాసే తీరిక దొరికింది. ఈ గదిలో అమ్మేవి దాదాపు అన్నీ మేము వాడాం. కొన్ని చాలా బాగున్నాయి, కొన్ని ఫర్వాలేదు, ఒకట్రెండు నాకస్సలు నచ్చలేదు.

ముందు చొక్కా సంగతి. దీనికి నా మార్కులు పూర్తిగా వేస్తాను. 350 రూపాయలు. పోర్ట్ ఉన్న వైపు మాత్రమే భుజం మీదనుంచి కిందికి తెరుచుకుంటుంది, మిగతాది మామూలు చొక్కాలాగే ఉంటుంది, కాబట్టి పిల్ల బయటికి పోయినా ఎవరూ వింతగా చూడరు. చేతికి పిక్ లైన్ (చేతి నరంలోంచి పెట్టి ఉంచే మందు ట్యూబు) పెట్టిన పిల్లలకైతే చెయ్యి పొడుగునా తెరుచుకునే రకం ఉంది. పెట్టినవి ప్లాస్టిక్ టిచ్ బటన్లు. ఇనుపవి ఎందుకు పెట్టరు అని అడిగితే ఎక్స్-రేకి, స్కానింగ్‌కి పోయిన ప్రతిసారీ చొక్కా విప్పమంటారు కదన్నా అన్నారు. నిజమే. మరి మామూలు గుండీలు పెట్టొచ్చు కదా అంటే దానికీ జవాబు ఉంది. విన్‌క్రిస్టిన్ అని ఈ పిల్లలకి ఇచ్చే ఒక ఇంజెక్షన్ నరాల మీద ప్రభావం చూపిస్తుంది, వేళ్ళలో పట్టు తగ్గుతుంది, అప్పటిదాకా తన గుండీలు తనే పెట్టుకునే పిల్ల ఒక్కసారిగా పెట్టుకోలేక ఏడుస్తుంది. టిచ్ బటనైతే అరచేత్తో నొక్కినా పడుతుంది. ఇది ఏ ఫ్యాషన్ డిజైనింగ్ కాలేజీలోనో చెప్తారని నేను అనుకోను, చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకోటి, కుట్లు బయటికి ఉంటాయి, లోపల నున్నగా ఉంటుంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు చిన్న ఒరిపిడికే చర్మం కమిలి నీలం మచ్చలు పడతాయి, మామూలు చొక్కా చంక దగ్గర కుట్టు కూడా ఇబ్బందే. కాలర్ వెనక గరుగ్గా ఉండే కంపెనీ లేబుల్ ఉండదు. పైజామాకి ఎలాస్టిక్ బదులు బొందు పెడతారు, ఎందుకంటే స్టెరాయిడ్ నడిచే వారాల్లో పిల్లల పొట్ట, మొహం ఉబ్బుతాయి, ఆపేశాక తగ్గుతాయి, ఒకే పైజామా రెండు సైజులకీ పనికి రావాలి. మామూలు దర్జీ దగ్గర ఇవన్నీ చెప్పి కుట్టించుకోవాలంటే ముందు మన పిల్ల జబ్బు చరిత్ర అంతా చెప్పాలి, ఆయన పాపం అయ్యో అనాలి, మనం ఆయన్ని ఓదార్చాలి. ఇక్కడ ఆ పని లేదు. "పోర్ట్ ఏ పక్క? స్టెరాయిడ్ ఉందా?" అంతే, టేపు తీసి కొలతలు మొదలుపెడతారు.

ఇదే చొక్కాలో వెల్క్రో పెట్టిన పాత మోడల్ కూడా ఇంకా మిగిలి ఉంది, 50 రూపాయలు తక్కువకి ఇస్తున్నారు. అది మాత్రం తీసుకోకండి. నాలుగు ఉతుకులకి పీచు పట్టి అంటుకోవడం మానేస్తుంది, పైగా అర్ధరాత్రి నర్సు వచ్చి తెరిచినప్పుడు ఆ చర్రుమనే శబ్దానికి అప్పుడే కన్ను మూసిన పిల్ల లేచి కూర్చుంటుంది.

టోపీలు 120. మెత్తటి బనీను గుడ్డతో ఒక రకం, మల్లు గుడ్డతో అంచున్న రకం ఇంకోటి. జుట్టు రాలిపోయిన తల మీద చర్మం చాలా సున్నితంగా ఉంటుంది. మద్రాసు వార్డులో ఎవరో దాతలు వచ్చి రంగురంగుల ఉన్ని టోపీలు పంచిపోయారు, వాళ్ళ మనసు మంచిదే, కానీ మే నెలలో, మన వైపు ఎండల్లో, ఉన్ని టోపీ! మా పాప దాన్ని బొమ్మకి పెట్టింది. ఈ గదిలో కుట్టిన అంచు టోపీ మాత్రం తనే అడిగి పెట్టుకునేది. కొన్ని మందులు వాడేటప్పుడు ఎండ తగిలితే చర్మం తొందరగా మండుతుంది, అంచు ఉంటే మొహం మీద కాస్త నీడ పడుతుంది. గుడ్డ కొంత పాటూరు నేత ముక్కల్లోంచి తెస్తారు. నేత గుడ్డకి గంజి ఉంటుంది కాబట్టి దాన్ని బాగా ఉతికి మెత్తబరిచాకే కుడతామన్నారు, నేను కొన్నవాటిలో ఒకటి మాత్రం ఇంకా బిరుసుగానే వచ్చింది. ఇంటికి తెచ్చి ఎలాగూ ఉతికే పెడతాం కాబట్టి పెద్ద బాధేం లేదు.

టోపీల్లో నాకు నచ్చనిది ఒకటుంది. కొన్నింటి మీద ఇంగ్లీషు అక్షరాలతో "ఫైటర్" అని, "సూపర్ హీరో" అని ఎంబ్రాయిడరీ చేస్తున్నారు. ఎవరో ఆన్‌లైన్‌లో చూసి ఆర్డర్ ఇచ్చారంట, అప్పట్నుంచి అలవాటైంది. పిల్లకి జ్వరం వచ్చి, నోరంతా పూసి, మంచం మీదనుంచి లేవలేని రోజున ఆ మాట తల మీద పెట్టుకుని ఉండటం నాకు చూడబుద్ధి కాలేదు. బడికి వెళ్ళే పిల్ల ఊరంతటికీ జబ్బు బోర్డు కట్టుకుని తిరగాలా? సాదావి కావాలని ముందే చెప్పండి, లేకపోతే చేతికి దొరికింది ఇచ్చేస్తారు. చిన్న పువ్వు, చేప, పడవ కుట్టినవి కూడా ఉన్నాయి, ఆ చేప టోపీ ముద్దొస్తుంది.

ఇక ఫైలు సంచి. నన్నడిగితే ఈ గదిలో ఏదో ఒక్కటే కొనాలంటే ఇదే కొనమంటాను. 280 రూపాయలు. గట్టి కాన్వాసు గుడ్డ, లోపల అరలు. మద్రాసులో ఓపీ రోజున ప్రతి కౌంటర్ దగ్గరా ఒక కాగితం అడుగుతారు, ఆ కాగితం ఎప్పుడూ అన్నిటికంటే అడుగున ఉంటుంది, వెనక లైన్లో వాళ్ళు సణుగుతుంటారు, చంకలో పిల్ల. ఈ సంచిలో డిశ్చార్జి సమ్మరీలకి ఒక అర, రక్తపరీక్షల రిపోర్టులకి ఇంకొకటి, ఫిల్ములకి వెనకవైపు పొడుగాటి అర, ఆధారూ రేషన్ కార్డూ వైద్యసేవ కాగితాలూ పెట్టడానికి ఫ్లాప్ ఉన్న చిన్న అర (ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారినా మా వైపు అందరూ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు). అటెండర్ పాసు తగిలించుకోడానికి బయట ఒక ఉచ్చు. థర్మామీటరుకి సన్నటి గొట్టంలాంటి అర, ఎందుకంటే తెల్ల రక్తకణాల కౌంటు తక్కువున్న పిల్లకి జ్వరం 100.4 దాటిందంటే రేపు చూద్దాంలే అనుకోడానికి లేదు, ఉన్నపళంగా ఆస్పత్రికి పోవాలి, ఆ టైములో థర్మామీటరు ఎక్కడ పెట్టామా అని ఇల్లంతా వెతుక్కునే టెన్షన్ ఏంటో పడ్డవాళ్ళకే తెలుసు.

రైల్వే రాయితీ ఫారానికి కూడా వేరే అర ఉంది. ఇది చాలామందికి తెలీదు కాబట్టి రాస్తున్నాను. క్యాన్సర్ పేషెంటు వైద్యానికి పోయేటప్పుడు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి అదే క్లాసుల్లో 75 శాతం తగ్గింపు. తలసీమియా పిల్లలకీ, వాళ్ళతో వెళ్ళేవాళ్ళకీ రాయితీ ఉంది. ఆస్పత్రిలో ఆ ఫారం మీద డాక్టరు సంతకం, స్టాంపు వేయించుకోవాలి. నాకు ఈ సంగతి ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. సంచి కొంటూ ఈ అర దేనికమ్మా అని అడిగితే ఆ తల్లి చెప్పింది. నెల్లూరు నుంచి మద్రాసు 175 కిలోమీటర్ల చిల్లర, పోతూనే ఉండాలి, వస్తూనే ఉండాలి, లెక్కేసుకుంటే సంచి ఖరీదు ఎప్పుడో వచ్చేసింది.

సంచికి లోపం జిప్పు. పళ్ళు ఊడొస్తాయి. మాది కొన్న కొన్నాళ్ళకే పోయింది, ఉచితంగా మార్చి ఇచ్చారు, మార్చింది కూడా అదే రకం జిప్పు. ఇంకో 20 రూపాయలు ఎక్కువ పెట్టి మంచి కంపెనీది వేయండమ్మా అని చెప్పాను. వింటారో లేదో.

తలసీమియా పిల్లల కోసం నడుముకి కట్టుకునే చిన్న పౌచ్ ఒకటి ఉంది. రక్తం ఎక్కించీ ఎక్కించీ ఒంట్లో పేరుకున్న ఇనుము దిగడానికి కొందరు పిల్లలకి రాత్రంతా చిన్న పంపుతో చర్మం కిందికి మందు ఎక్కిస్తారు, ఆ పంపు పెట్టుకుని పడుకోడానికి అన్నమాట. ఇప్పుడు చాలామంది మాత్రలకే మారారు కాబట్టి ఆర్డర్ ఇస్తేనే కుడతారు. నేను వాడలేదు, ఆ బాబు వాళ్ళమ్మే కుట్టింది కాబట్టి బాగానే ఉంటుంది.

బొంతల దగ్గర నాకూ మా ఆవిడకీ అభిప్రాయం కలవలేదు. మన ఇంట్లో పాత చీరలు ఇస్తే పొరలు పరిచి, టాకాలు వేసి, చేత్తో వరసలుగా కుట్టి ఇస్తారు, సైజుని బట్టి 900 నుంచి 1,400 దాకా. పనితనం చూస్తే తక్కువే. మా అత్తగారి పాత వెంకటగిరి చీరలు రెండు, మా ఆవిడవి రెండు కలిపి కుట్టించాం, ఆ అంచులు మధ్యలో కలిపిన తీరు చూసి మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ అడుగుతున్నారు. కానీ వార్డుకి తీసుకుపోడానికి అది బరువు. ఉతికితే రెండు రోజులైనా లోపల తడి ఉంటుంది, కౌంటు పడిపోయిన పిల్ల దగ్గర తడి వాసన వచ్చే గుడ్డ ఏదీ ఉండకూడదు. మా ఆవిడేమో అది పిల్లకి కాదండీ, మంచం కింద నేల మీద పడుకునేది నేను కదా, నాకు అంటుంది. సరే, ఆమె మాట కాదనలేను. నా మాటేమంటే రెండే పొరలతో పల్చటి బొంత కుట్టమనండి, అడిగితే కుడతారు, ధర కూడా తగ్గుతుంది, సూర్యుడు కాస్త కరుణిస్తే సాయంత్రానికి ఆరిపోతుంది.

ఉదయగిరి చెక్క స్పూన్లు కూడా అక్కడే పెట్టి అమ్ముతున్నారు. అవి వీళ్ళు చేసేవి కావు, సభ్యుల్లో ఒకామెది ఉదయగిరి, ఊరికి పోయినప్పుడు తెస్తుంది. మన జిల్లాలో పుట్టి ఆ స్పూన్ల గురించి తెలియనివాళ్ళు ఉంటారని అనుకోను, ఆ ఊరి సొంత సరుకని ఇచ్చే జి.ఐ. గుర్తింపు కూడా ఉంది. ఇక్కడ ఎందుకు అమ్ముతున్నారో మాత్రం నాకు మొదట అర్థం కాలేదు, ఏదో చేతిపని కదా అని పెట్టుకున్నారేమో అనుకున్నాను. విషయమేమిటంటే కీమో నడిచేటప్పుడు చాలామందికి నోట్లో ఇనుము రుచి వస్తుంది, స్టీలు స్పూను నోట్లో పెడితే అది ఇంకా ఎక్కువవుతుంది, అన్నం తోసేస్తారు. చెక్క స్పూనుతో ఆ బాధ తక్కువ. మా పాప ఆ రోజుల్లో పెరుగన్నం నాలుగు ముద్దలైనా తిన్నదంటే ఆ స్పూనుతోనే. వంటకి వాడే పెద్దవి కాదు, అంచు పల్చగా, బాగా నున్నగా ఉన్న చిన్నవి ఏరుకోండి, నోరు పూసినప్పుడు మొద్దు అంచు తగిలితే మంట. వాడాక నీళ్ళల్లో నానేయకుండా వెంటనే కడిగి ఎండలో ఆరబెట్టాలి. చిన్న పగులు కనిపించినా పారేయండి, పగుళ్ళలో క్రిములు చేరతాయి.

ఇప్పటిదాకా రాసింది సరుకు గురించి. ఈ గదిలో ఇంకో పని కూడా జరుగుతుంది, దానికి డబ్బులు తీసుకోరు. పిల్లకి కొత్తగా జబ్బు బయటపడిన తల్లి ఎవరైనా అక్కడికి వస్తే, కుట్టు వచ్చా రాదా అని అడగకుండా ముందు ఒక పిన్నీసు, పైజామాల కట్ట చేతిలో పెట్టి బొందు ఎక్కించమంటారు. బొందు ఎక్కించడానికి బుర్ర అక్కర్లేదు, వేళ్ళు వాటంతటవే పోతుంటాయి, కళ్ళు పైకెత్తి ఎవరి మొహం చూడాల్సిన అవసరం కూడా ఉండదు. మా ఆవిడ మొదటిసారి పోయినప్పుడు సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకుండా బొందులు ఎక్కించి వచ్చింది. ఇంటికొచ్చి, రేపు కూడా పోతాను అంది. అప్పటికి వారాల తరబడి ఆమె నోటినుంచి రేపు అనే మాట నేను వినలేదు.

చుట్టాలు చేసేదానికీ ఇక్కడ జరిగేదానికీ తేడా నాకు స్పష్టంగా కనిపించింది. చుట్టాలు వస్తారు, పళ్ళు తెస్తారు, కౌంటు తక్కువున్న పిల్లకి తొక్క తీయకుండా ద్రాక్షపళ్ళు పెట్టబోతారు, ఏం కాదులే దేవుడున్నాడు అంటారు, మీ వైపు ఎవరికైనా ఉందా మా వైపు ఎవరికీ లేదు అంటారు. ఈ గదిలో ఆ మాటలు రావు. ఆస్పత్రి దగ్గర ఏ లాడ్జిలో వంట చేసుకోనిస్తారు, రిపోర్టు కోసం కూర్చునే ఆ రెండు మూడు గంటలు పిల్లని ఎట్టా ఆడించాలి, నడుములో సూది వేసిన రోజు ఎంతసేపు పడుకోబెట్టారు, ఇవే మాటలు. మందుల సలహాలు మాత్రం కచ్చితంగా నిషేధం. ఎవరో ఒకామె ఆకుపసరు పొడి తెచ్చి పంచబోయిందంట, అప్పట్నుంచి "మందుల సంగతి డాక్టరునే అడగాలి" అని చార్టు రాసి గోడకి అంటించారు. ఆ చార్టు చూశాకే నాకు వీళ్ళ మీద గురి కుదిరింది. వార్డులో కూర్చుని చేసుకోడానికి క్రోషా పని నేర్పుతారు, కుట్టుసూది ఇవ్వరు. సూది పరుపు మీద జారిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. క్రోషా సూది, దారం ఉండ కలిపి 90 రూపాయలకి కిట్టు.

నా పెద్ద కంప్లెయింటు ఇక్కడే. ఇదంతా అమ్మలకే. నాన్నలు వస్తే ఏం చేస్తారు? గుడ్డ తాన్లు మేడ మీదకి మోయమంటారు, కరెంటు బిల్లు కట్టి రమ్మంటారు, మిషను బెల్టు జారితే వేయమంటారు. మోశాం, కట్టాం, వేశాం. తర్వాత మెట్ల మీద నిలబడి ఫోన్ చూసుకోవాలి. ఆస్పత్రిలో కూడా ఇదే కదా, రాత్రి తల్లి ఒక్కతే ఉండాలి, తండ్రి బయట చెట్టు కింద. నేను రైసు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి, సెలవులు అయిపోయి, జీతం కోతపడి, అప్పుల వాళ్ళ ఫోన్లు వస్తూ ఉంటే నాకు మాత్రం చేతులు ఖాళీగా ఉంచుకోవడం సులభమా? చివరికి నేనే అడిగి కటింగ్ బల్ల దగ్గర చోటు సంపాదించాను. అట్టముక్క పెట్టి చాక్‌పీసుతో గీసి, టోపీ ముక్కలు కత్తిరించి, డజన్ల లెక్కన కట్టలు కట్టడం నా పని. లెక్క తప్పదు నాకు. ఆ మధ్యాహ్నాలు నాకు ఎంత పనికొచ్చాయో మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. కానీ ఇంకో తండ్రి వస్తే, అడిగే చొరవ లేకపోతే, మళ్ళీ మెట్ల మీదే నిలబడతాడు. వారానికి ఒక పూట నాన్నలకి పెట్టండని చెప్పాను, మిషన్లు ఉన్నది మూడే కదన్నా అన్నారు. మాకు మిషన్లు ఎందుకు, కత్తెర చాలు.

అక్కడికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అందరినీ మీ పిల్లకి ఇప్పుడెలా ఉంది అని పలకరించకండి. కుట్టేవాళ్ళలో కొందరి పిల్లలు ఇప్పుడు లేరు. కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టే ఆమె కొడుకు పోయాడు, అయినా ఆమె రావడం మానలేదు. కొత్తవాళ్ళ ముందు ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఆమే ఎత్తదు. సంచుల మీద, పెద్ద పిల్లల చొక్కాల మీద కాజాలు అంత సమానంగా, అంత గట్టిగా ఉంటాయంటే అవి ఆమె చేతివే.

పూసల దండ గురించి రెండు ముక్కలు. అమెరికాలో బీడ్స్ ఆఫ్ కరేజ్ అని ఒక కార్యక్రమం ఉంది, సూది గుచ్చిన ప్రతిసారీ పిల్లకి ఒక నల్ల పూస, కీమోకి తెల్లది, రక్తం ఎక్కిస్తే ఎర్రది, ఆస్పత్రిలో రాత్రి ఉంటే పసుపుది, అలా ఇస్తూ పోతారు, దండ పెరుగుతూ ఉంటుంది. అది చూసి వీళ్ళు కూడా చెక్కపూసలు, తాడు, రంగుల చీటీ కలిపి 150 రూపాయలకి ఇస్తున్నారు. మా పాప నల్లపూసలు లెక్కపెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా గొప్పగా చూపించింది. మా ఆవిడ ఆ దండ చూడలేక బీరువాలో పెట్టేసింది. ఎవరికి ఎట్టా పని చేస్తుందో చెప్పలేం కాబట్టి కొనమనీ అనను, వద్దనీ అనను. మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం వద్దు, పూసలు చిన్నవి, మింగేస్తారు.

డబ్బుల సంగతి అడిగాను, దాచకుండా నోటుబుక్కు చూపించారు. గుడ్డ ఖర్చు పోను కుట్టినామెకి పీసు లెక్కన కూలి, మిగిలింది ఎవరు ఆస్పత్రికి పోవాల్సి వస్తే వాళ్ళ దారిఖర్చుకి. బిల్లు ఇవ్వరు, ఫోన్‌పే ఒకామె సొంత నంబరుకి పోతుంది. నాకు వాళ్ళ మీద నమ్మకం ఉంది కానీ కొత్తవాళ్ళకి ఉండాలని లేదు కదా, గ్రూపు పేరుతో బ్యాంకు ఖాతా తెరవండని, చిన్న బిల్లు పుస్తకం పెట్టండని గట్టిగానే చెప్పాను.

ఇంకో రకం మనుషులు వస్తుంటారు. కారు దిగి, అయ్యో పాపం అని రెండు సంచులు కొని, వంద ఎక్కువిచ్చి, సెల్ఫీ అడిగి, సంచి ఇంటికి తీసుకుపోయి అటక మీద పడేసేవాళ్ళు. ఆ వంద వల్ల వీళ్ళకి ఒరిగేది తక్కువ. సంచి వాడితే జిప్పు సంగతి చెప్తారు, చెప్తే బాగుపడుతుంది, బాగుపడితే ఇంకొకరు కొంటారు. మీ ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోయినా ఆ ఫైలు సంచి పొలం పాసుపుస్తకాలకీ ఇంటి కాగితాలకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది, చొక్కా బాలింతలకి కుట్టమంటే కూడా కుడతారు. బేరం ఆడాలనుకుంటే ఆడండి, వాళ్ళేం అనుకోరు, మా నెల్లూరు వాళ్ళం బేరం ఆడకుండా కొంటే వాళ్ళకే అనుమానం వస్తుంది.

ఆర్డర్లు ఆలస్యం అవుతాయి. వారం అంటే పది రోజులు, పిల్లల్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ తల్లి పని మొత్తం ఆగిపోతుంది, దానికి ఎవర్నీ ఏమీ అనలేం. ఆస్పత్రిలో చేరే తారీకు ముందే తెలిస్తే బాగా ముందుగా చెప్పుకోండి. రొట్టెల పండగప్పుడు ఆరోగ్య రొట్టె కోసం ఎక్కడెక్కడివాళ్ళో దర్గాకి వస్తారు, ఆ రోజుల్లో గదికీ తాకిడి ఎక్కువ, తయారుగా ఉన్న సరుకు అయిపోతుంది. కావలి, కందుకూరు, ఒంగోలు వాళ్ళకి బస్సు పార్సిల్లో పంపుతారు, ఛార్జీ మనదే. కొలతలు వాట్సాప్‌లో పంపేటప్పుడు పిల్ల వయసు కాకుండా ఛాతీ, పొట్ట, చెయ్యి పొడుగు టేపుతో కొలిచి రాయండి, స్టెరాయిడ్ నడుస్తోందా లేదా రాయండి, పోర్ట్ ఏ పక్కో రాయండి. కుడి అంటే పిల్ల కుడిచెయ్యి వైపు, ఫోటోలో మనకి కనిపించే కుడి కాదు.